సవరణ: జాక్ అంత్యక్రియల ఎపిసోడ్ గురించి

అమెరికన్ టీవీ సీరియల్ ‘దిస్ ఈజ్ అస్’లో తండ్రి పాత్ర జాక్ అంత్యక్రియలు చూసి ప్రేక్షకులు వెక్కి వెక్కి ఏడ్చిన సంగతి నిన్న రాస్తూ, ఆ ఎపిసోడ్ సూపర్ బౌల్ (అమెరికన్ ఫుట్‌బాల్ ఫైనల్) రాత్రి వచ్చిందనీ, జాక్ మంటల్లో కాలిపోయాడనీ అన్నాను. రెండూ తప్పే, పొరపాటు నాది. ఎపిసోడ్లు మళ్లీ చూసి, అప్పటి ప్రసార వివరాలతో సరిచూసుకున్నాను.

2018 ఫిబ్రవరి 4న సూపర్ బౌల్ అయ్యాక వచ్చింది జాక్ చనిపోయిన ఎపిసోడ్. అంత్యక్రియలది 6న. ఇల్లు అంటుకున్నప్పుడు జాక్ మంటల్లోంచి బయటపడ్డాడు. పీల్చిన పొగ వల్ల తర్వాత ఆసుపత్రిలో గుండె ఆగిపోయింది. డాక్టర్ ఆ మాట చెబుతుంటే అతని భార్య రెబెకా ఇంకా చేతిలోని చాక్లెట్ కొరుకుతూ ఉంటుంది. నన్ను అంత్యక్రియలకన్నా ఎక్కువ ఏడిపించింది అదే.

కథలో ఆ మంటలకు కారణమైన స్లో కుక్కర్ (నెమ్మదిగా వండే కరెంటు పాత్ర) మీద జనం కోపం కూడా అంతకుముందుదే, జనవరిలోది.