ఒక అరటిపండు, పదకొండు చేతులు

అనంతపురం జిల్లాలో వానలకు కరువు ఉండవచ్చును గాని, అరటిపండ్లకూ వాటిని పంచే దాతలకూ ఏనాడూ కరువు లేదు. నాయకుడు పుట్టిన రోజున, ఆయన కుమారుడు పుట్టిన రోజున, ఆయన పార్టీ మారిన రోజున, తిరిగి సొంత గూటికి చేరిన రోజున కూడా సర్కారు ఆసుపత్రుల్లోని రోగులు విధిగా ఒక రొట్టె, ఒక అరటిపండు స్వీకరించవలసి ఉంటుంది. మంచాన పడ్డవాడికి లేచి పారిపోయే శక్తి ఉండదన్న సత్యాన్ని మొట్టమొదట కనిపెట్టిన మేధావి మా జిల్లా వాడే అయి ఉంటాడని నా అనుమానం.

గత నెలలో బంధువు ఒకరికి తోడుగా ఒక సర్కారు ఆసుపత్రిలో రెండు రోజులు ఉండవలసి రావడంతో, ఈ సేవను దగ్గరి నుంచి దర్శించే భాగ్యం నాకు కలిగింది. డాక్టర్లు వార్డులో రోగులను చూస్తున్న వేళకే ముందు ఫ్లెక్సీ, దాని వెనుక శాలువాలు, వాటి వెనుక ఫోటోగ్రాఫరు, అందరికంటే వెనుక గంపలో అరటిపండ్లు వార్డులోకి ప్రవేశించాయి. కాలికి కట్టుతో పడుకున్న ఒక పెద్దాయనను సేవకు ఎంపిక చేశారు. ఆయన మంచం కిటికీ పక్కన ఉండడం, అక్కడ వెలుతురు బాగుండడం తప్ప ఆయనలో మరే ప్రత్యేక అర్హతా నాకు కనిపించలేదు. ఒక పండును అందించడానికి పదకొండు చేతులు ముందుకు వచ్చాయి. పండు జానెడే గనుక ఐదు చేతులు పండును, మిగిలిన ఆరు ఆ చేతుల మణికట్లను పట్టుకొన్నాయి. పెద్దాయన ఆకలి మీద ఉన్నాడో ఏమో, పండు లాక్కోబోగా "ఇంకా వద్దు తాతా, అట్లే పట్టుకో" అని ఫోటోగ్రాఫరు వారించాడు. మండల నాయకుడొకరు కళ్ళు మూశారని రెండోసారి, ఫ్లెక్సీలోని పెద్ద నాయకుడి ముఖానికి సెలైన్ స్టాండు అడ్డం వచ్చిందని మూడోసారి, ఆ స్టాండును గోడ పక్కకు జరిపి నాలుగోసారి తీశారు. సేవ పూర్తయ్యేసరికి పండు గుజ్జయింది. పళ్ళు లేని పెద్దాయనకు అదీ ఒక మేలే.

ఈ నాలుగు ఫోటోల మధ్యలో కళ్యాణదుర్గం వైపు నుంచి వచ్చిన ఒక ముసలమ్మ, చేతిలో ఓపీ చీటీతో, "నాయనా, ఎక్స్‌రే తీసే గది యాడుంది?" అని సేవకులను అడిగింది. "అవ్వా, పక్కకు జరుగు, ఫోటోలో పడుతున్నావు" అన్నది జవాబు. పదకొండు మంది కుడిచేతులు పండు మీద ఉన్నమాట నిజమే గాని, పదకొండు ఎడమచేతులు ఖాళీగానే వేలాడుతున్నాయి. అదే సమయానికి వరండాలో ఒక కొడుకు తన తండ్రిని స్ట్రెచరు మీద తనే తోసుకుంటూ, మలుపు తిప్పలేక గోడకు గుద్దుకుంటున్నాడు.

పండు విషయంలో వైద్యశాస్త్రం కొంత పేచీ పెడుతుంది. డయాలసిస్ చేయించుకొనే రోగి ఒంట్లో, అరటిపండులో దండిగా ఉండే పొటాషియం పేరుకుపోతే గుండెకే ముప్పు గనుక డాక్టర్లు అతన్ని అరటిపండుకు దూరంగా ఉండమంటారు. మత్తు ఇచ్చి ఆపరేషన్ చేయవలసిన వాడి కడుపు కనీసం ఆరు గంటలు ఖాళీగా ఉండాలి. ఉచితంగా వచ్చింది గదా అని ఆ ఉదయం ఒక కుర్రవాడు రొట్టె తిన్నాడు, అతని ఆపరేషన్ మరునాటికి వాయిదా పడింది. నర్సమ్మ కేకలు మాత్రం ఆ కుర్రవాడి తల్లికే దక్కాయి. దాతలు అప్పటికే పక్క వార్డులో ఉన్నారు.

ఇదే జిల్లాకు 1969లో వచ్చి, 2009లో ఇక్కడే కన్నుమూసిన విన్సెంట్ ఫెర్రర్ అనే పరాయి దేశస్థుడొకరు ఉండేవారు. ఆయన సంస్థ బత్తలపల్లిలో ఆసుపత్రి కట్టింది. నలభై ఏళ్ళ పాటు ఒకే చోట ఉండిపోవడం సేవలోకెల్లా అనాగరికమైన పద్ధతి. మనవాళ్ళు నలభై నిమిషాల్లో ముగించి భోజనానికి వెళ్ళగలరు.

రక్తదాన శిబిరాల సంగతికి వస్తే నాకు నవ్వు రావడం లేదు. నాయకుడి పుట్టినరోజున వందల మంది ఒకేసారి చేతులు చాపుతారు. దానం చేసిన మగవాడు మూడు నెలలు, ఆడది నాలుగు నెలలు ఆగితే గాని మళ్ళీ ఇవ్వరాదు. సేకరించిన రక్తం సాధారణంగా 35 రోజులకు మించి నిలవ ఉండదు. నాయకుడు ఏడాదికి ఒకసారే పుడతాడు. ఒంట్లో రక్తం సరిగా తయారుకాని తలసీమియా జబ్బున్న బిడ్డకు రెండు మూడు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. మే నెల ఎండల్లో ఆ బిడ్డ తండ్రి గ్రూపు రాసిన చీటీ పట్టుకొని రక్తమిచ్చేవారి కోసం దుకాణం దుకాణం తిరుగుతుంటే, ఆ వందల మందిలో ఒక్కడి ఫోను కూడా మోగదు. ఎందుకు మోగదయ్యా? ఆ రోజున ఎవరికీ పుట్టినరోజు లేదు కాబట్టి. సిగ్గుండాలి! వందమంది వంద వేర్వేరు రోజుల్లో రావడానికి ఒక పుస్తకంలో పేర్లు రాసుకొంటే చాలు. కాని పుస్తకానికి ఫ్లెక్సీ కట్టలేరు.

నిజంగా స్వచ్ఛంద సేవకులనే బిరుదు మోస్తున్న వారు వేరే ఉన్నారు. 2005లో మొదలైన పథకం కింద పల్లెల్లో వెయ్యి మంది జనాభాకు ఒక ఆశా కార్యకర్త. అర్ధరాత్రి నొప్పులొచ్చిన గర్భిణిని ఆసుపత్రికి చేర్చేది ఆమె, టీకా తప్పిన పసిబిడ్డ ఇంటి గడప తొక్కేది ఆమె. ఇంత పనీ చేస్తే ఆమెను ఉద్యోగి అనరు, కార్మికురాలనీ అనరు. స్వచ్ఛంద కార్యకర్త అంటారు, జీతం అనకుండా గౌరవ వేతనం అంటారు. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వీళ్ళందరికీ కలిపి ఒక పురస్కారం ఇచ్చింది. పనికి తగిన జీతం కోసం మాత్రం వాళ్ళు కలెక్టరేటు ముందు ఎండలో కూర్చోవలసిందే. రోజంతా పని చేసేవారిని స్వచ్ఛందం పేరుతో చవకగా వాడుకొని, నాలుగు ఫోటోలు దిగినవారిని సేవామూర్తులని పిలిచే ఈ ఏర్పాటు ఎవరి బుర్రలో పుట్టిందో గాని, వారికి ఏ వార్డులోనూ వైద్యం లేదు.

మరునాటి జిల్లా పత్రికలో ఫోటో వచ్చింది. పదకొండు చిరునవ్వులూ స్పష్టంగా పడ్డాయి. ముసలమ్మను కత్తిరించారు. ఓపీ చీటీతో ఉన్న ఆమె చెయ్యి ఒక్కటి అంచున మిగిలిపోయింది. కింద రాసిన వ్యాఖ్యలో దాన్ని, పండు కోసం చాచిన చెయ్యి అన్నారు.