స్తంభం మీద కెమెరా ఉంది, నంబరే కనబడదు

చౌరస్తాలో ఎవరినో గుద్దేసి బండి ఆగకుండా పోతే ఇంటివాళ్లు మొదట చూసేది స్తంభం మీది సీసీ కెమెరా వైపే. ఫుటేజీ తెరిపిస్తే రెండు హెడ్‌లైట్లు, వాటి చుట్టూ తెల్లటి మసక. కారు రంగు కూడా తేలదు. విజయవాడ హైవే మీదైనా, బెంగళూరు హైవే మీదైనా రాత్రి ప్రమాదాల దర్యాప్తు చాలాసార్లు ఇక్కడే ఆగిపోతుంది.

జనాన్ని చూసే కెమెరాతో నంబరు చదివించబోవడమే అసలు పొరపాటు. చీకట్లో బొమ్మ వెలుగుగా రావడానికి మామూలు కెమెరా సెకనులో 25వ వంతు దాకా వెలుగును లోపలికి వదిలే షట్టరు తెరిచి ఉంచుతుంది. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో వచ్చే కారు ఆలోపే మీటరుకు పైగా జరిగిపోతుంది, అంకెలన్నీ గీతలైపోతాయి. సెకనులో వెయ్యో వంతుకు తగ్గిస్తే జరిగేది మూడు సెంటీమీటర్ల లోపే. కాకపోతే అప్పుడు వెలుగు చాలదు. పక్కన కంటికి కనబడని వెలుగిచ్చే ఇన్‌ఫ్రారెడ్ దీపం ఉండాలి, ఆ వెలుగును ప్లేటు తిప్పికొట్టాలి. 2019 ఏప్రిల్ 1 నుంచి కొత్త బండ్లకు తప్పనిసరి చేసిన హై సెక్యూరిటీ ప్లేటు ఆ పని చేస్తుంది. మామూలు పెయింటుతో రాయించుకున్న ప్లేటు చేయదు.

చౌరస్తా మొత్తం పట్టేలా పెట్టిన లెన్సులో ప్లేటు వెడల్పు ఇరవై, ముప్పై పిక్సెళ్లకు, అంటే బొమ్మలోని చుక్కలకు, కుంచించుకుపోతుంది. చదవాలంటే వంద దాకా కావాలి, బండి వచ్చే దిక్కుకు కెమెరా 30 డిగ్రీలకు మించి పక్కకు ఉండకూడదు. అందుకే చౌరస్తాకు ఒకటి, లేనుకు ఒకటి వేర్వేరుగా పెట్టాలి. ఖర్చు పెరుగుతుంది, నిజమే. అయినా పది మామూలు కెమెరాల కన్నా నంబరు చదివే రెండు మేలు.

నిల్వ సంగతి ఇంకా అన్యాయం. సెకనుకు 4 మెగాబిట్ల (4 ఎంబీపీఎస్) చొప్పున రికార్డు చేసే ఒక్క కెమెరాకు రోజుకు 43 జీబీ కావాలి. పదహారు కెమెరాలకు ఒకే 4 టీబీ (4,000 జీబీ) హార్డ్ డిస్క్ తగిలిస్తే ఆరు రోజులు నిండకుండానే పాత ఫుటేజీ చెరిగిపోతుంది. కాలు విరిగినవాడు ఆస్పత్రి నుంచి వచ్చి ఫిర్యాదు ఇచ్చేసరికి పది రోజులవుతుంది. ముప్పై రోజులు దాచాలంటే 20 టీబీకి పైగా కావాలి. టెండరులో ఆ అంకె రాయకపోతే ఎవరూ పెట్టరు.

చలానాల విషయంలో నిబంధన స్పష్టంగానే ఉంది. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 2021 ఆగస్టులో చేర్చిన 167ఏ ప్రకారం పరికరానికి ఏటా ధ్రువపత్రం ఉండాలి, ముందే హెచ్చరిక బోర్డు కనబడాలి, తప్పు జరిగిన 15 రోజుల్లోపు నోటీసు పంపాలి. ఆ నిబంధన ప్రకారం ఇలాంటి పరికరాలు పెట్టాల్సిన నగరాల జాబితాలో హైదరాబాద్‌తో పాటు నల్లగొండ పేరూ ఉంది.

ఒక్కచోట పెట్టిన స్పీడు కెమెరాతో హైవే మీద పెద్దగా లాభం లేదు. దాని ముందు బ్రేకు తొక్కి, దాటగానే మళ్లీ యాక్సిలరేటర్ తొక్కుతారు. రెండు చోట్ల నంబరు చదివి మధ్య పట్టిన సమయం లెక్కగట్టడమే సరైన పద్ధతి: పది కిలోమీటర్లు ఆరు నిమిషాల్లో దాటితే సగటు 100. ఆ దూరం తక్కువైతే గడియారాల తేడా దెబ్బతీస్తుంది. రెండు కిలోమీటర్ల మధ్య రెండు సెకన్లు తేడా వస్తే 100 కాస్తా 103 అవుతుంది, నాలుగు లేన్ల రహదారిపై కార్ల పరిమితి 100 కాబట్టి తప్పు చేయనివాడు కూడా పరిమితి దాటినట్టు కనబడతాడు. దూరాన్ని పది కిలోమీటర్లకు పెంచితే వేగంలో ఆ తేడా గంటకు ఒక కిలోమీటరు లోపే.

కెమెరా తీర్చలేనివీ ఉన్నాయి. యూటర్న్ రెండు కిలోమీటర్ల అవతల ఉంటే పొలం నుంచి వచ్చే రైతు రాంగ్ రూట్‌లోనే వస్తాడు. అక్కడ కావలసింది సర్వీసు రోడ్డు. కోతల కాలంలో మిర్యాలగూడ మిల్లులకు వడ్లు తెచ్చే ట్రాక్టరు ట్రాలీకి వెనక నంబరే లేకపోతే ఏ లెన్సూ ఏమీ చేయలేదు. ముందు దానికి ఎర్ర రిఫ్లెక్టర్ స్టిక్కర్లు అంటించాలి.

బిగించాక చూసేవాళ్లు లేకపోవడం అన్నిటికన్నా పెద్ద లోపం. లెన్సు ముందు సాలీడు ఒక్క పోగు అల్లినా ఇన్‌ఫ్రారెడ్ పడి తెరంతా తెల్లబడుతుంది. నెలకోసారి కర్రకు మెత్తటి గుడ్డ కట్టి తుడిస్తే చాలు, ఆ పని ఒప్పందంలో రాసి ఉండాలి. బిల్లు మంజూరు చేసే ముందు రాత్రి పదింటికి ఆ లేనులోనే ఒక కారు నడిపించి, దాని నంబరు అధికారి స్వయంగా తెర మీద చదివి చూడాలి.