మా బావగారూ, మూడు ప్లగ్గులూ

మా బావగారిది ఆడిట్ ఉద్యోగం. 'ఎస్టిమేట్' అని రాసి ఉన్న కాగితం ఏది చేతికొచ్చినా ఆయన జేబులోంచి ఎర్ర పెన్ను దానంతటదే బయటికొస్తుంది. ఆ మధ్య ఆయన వాగన్ఆర్ మిస్సింగ్ కొట్టడం మొదలుపెట్టింది. సిగ్నల్ దగ్గర ఆగితే చాలు, బండి మొత్తం చలిజ్వరం వచ్చినట్టు వణికేది. సర్వీస్ సెంటరుకి తీసుకెళ్తే వాళ్లు ముందు కాఫీ ఇచ్చారు, వెనకాలే ఎస్టిమేట్ ఇచ్చారు. ప్లగ్గులు, థ్రాటిల్ బాడీ క్లీనింగు, ఇంజన్ ఫ్లషింగు, ఇంజన్ డ్రెస్సింగు, కన్జ్యూమబుల్స్.

"డ్రెస్సింగ్ ఏమిటి? ఇంజనుకేమైనా పెళ్లా?" అంటూ బావగారు ఒక్కో లైనూ కొట్టేసుకుంటూ వచ్చారు. కన్జ్యూమబుల్స్ అంటే ఏమిటో చెప్పమంటే సర్వీస్ అడ్వైజర్ కుర్రాడు "అంటే సార్, వాడేవి సార్" అన్నాడు. అదీ ఎగిరిపోయింది. చివరికి ప్లగ్గులు మిగిలాయి, అంటే ఇంజన్లో పెట్రోలుకి నిప్పురవ్వ అంటించేవి, సిలిండరుకొకటి. వాటి పక్కన లేబర్ ఛార్జీ చూసి "ఈ పని నేనే చేసుకుంటా" అని కాఫీ కప్పు అక్కడ పెట్టి బండి వెనక్కి తెచ్చేశారు.

ప్లగ్గులు మార్చడం నిజానికి బ్రహ్మవిద్యేం కాదు. ఇంజను చల్లారాక పాతది ప్లగ్ పానాతో విప్పాలి. కొత్తదాన్ని ముందు చేత్తోనే మరల్లోకి ఎక్కించి, తరవాత పానాతో ఓ మోస్తరుగా బిగించాలి. ప్లగ్గు కూర్చునే ఇంజను పైభాగం, అదే హెడ్డు, అల్యూమినియంది కాబట్టి కండబలం చూపించకూడదు. మర పోయిందంటే ప్లగ్గు ఖర్చు కాస్తా హెడ్డు ఖర్చవుతుంది. బావగారు వీడియోలు చూసి ఇదంతా కంఠతా పట్టేశారు. పాత ప్లగ్గు మొన కాఫీ రంగులో ఉంటే ఇంజను ఆరోగ్యంగా ఉన్నట్టనీ, మసి పట్టి ఉంటే పెట్రోలు ఎక్కువ తాగుతున్నట్టనీ, తెల్లగా ఉంటే వేడెక్కిపోతున్నట్టనీ భోజనాల దగ్గర మాకు పాఠం చెప్పారు. మా అక్క పప్పు వడ్డిస్తూ "ముందు అసలు ప్లగ్గులు తెచ్చుకోండి" అంది.

ఎక్కడ తేవాలి? ఆ సంగతి ఏ వీడియోలోనూ లేదు.

అపార్ట్‌మెంటులో అందరికీ తెలుసు కానీ. పై అంతస్తు ఆయన షోరూం కౌంటర్లోనే కొనాలన్నారు, బయట కొంటే హోలోగ్రాం కూడా డూప్లికేటే వస్తుందట. వాచ్‌మన్ గోషామహల్ వెళ్లమన్నాడు. పాత బండ్లు విప్పి అమ్మేచోట సగం ధరకే దొరుకుతాయట. ప్లగ్గులు సెకండ్‌హ్యాండువి కొనడమంటే టూత్‌బ్రష్ సెకండ్‌హ్యాండుది కొనడమే కదా అని నేనంటే, వాచ్‌మన్ నన్ను జాలిగా చూశాడు. విజయవాడ నుంచి మా మావయ్య ఫోన్లో "ఆటోనగర్లో దొరకని పార్టు దేశంలోనే లేదు, రాత్రి బస్సెక్కి వచ్చెయ్యండి" అని పిలిచాడు. ఆయన ఏ సమస్యకైనా రాత్రి బస్సే చెబుతాడు. మేనల్లుడు ఫోన్లోంచి తలెత్తకుండానే "ఆన్‌లైన్" అన్నాడు.

బావగారి ఆఫీసులో ఎవరో అసలు రహస్యం చెప్పారు: స్పేర్‌పార్ట్స్ షాపుల్లో కస్టమర్ రేటు వేరు, మెకానిక్ రేటు వేరు. ఆ మాట నిజమే. మెకానిక్ రోజూ వచ్చేవాడు, మనం జన్మకోసారి వెళ్లేవాళ్లం. షాపువాడు తగ్గించేది ఎవరికో వేరే చెప్పాలా? మా బావగారికి మాత్రం ఇది ఆడిట్ అభ్యంతరంలా తగిలింది. ఒకే సరుకుకి రెండు ధరలా?

ముందు పద్ధతి ప్రకారం షోరూం కౌంటరుకి వెళ్లాం. అక్కడి అమ్మాయి "ఛాసిస్ నంబరు చెప్పండి సార్" అంది. ఆర్‌సీ ఇంట్లో ఉంది. ఫోన్లో డిజీలాకర్ తెరిస్తే ఓటీపీ మా అక్క నంబరుకి వెళ్లింది. అక్క ఆ టైములో లలితా పారాయణలో ఉంది, ఫోను సైలెంట్లో ఉంది. వేచి చూస్తుండగా బావగారి కన్ను గోడ మీది బోర్డు మీద పడింది: ఎంఆర్‌పీ మీద తగ్గింపు లేదు. "ఇక్కడ మాట్లాడేదేముంది, పద" అన్నారు. మేం గుమ్మం దాటాక ఓటీపీ వచ్చింది.

సరే, స్పేర్‌పార్ట్స్ షాపుల బజారు రాణిగంజ్. ఆటోలో వెళ్లాం. మిస్సింగ్ కొట్టే బండిని సికింద్రాబాద్ ట్రాఫిక్‌లోకి తీసుకెళ్లడం ఎందుకని, పైగా అక్కడ పార్కింగు చోటు దొరకడం ఎవరి జాతకంలోనూ లేదని. బయల్దేరేముందు బావగారు గదిలోంచి వచ్చిన వేషం చూసి అక్క తలుపు పట్టుకుంది. సంక్రాంతికి వెల్ల వేయించినప్పటి పాత చొక్కా, దాని మీద సైకిల్ చైన్‌కి రుద్ది తెచ్చుకున్న గ్రీజు మరకలు రెండు, చెవి వెనక పెన్ను. ఎర్ర పెన్నే.

"ఏమండీ, ఎక్కడికి?"

"మెకానిక్ రేటుకి."

ఇంతకుముందు రాణిగంజ్ చూడనివాళ్లకి చెప్పాలి. అక్కడ కౌంటరు వెనకున్న మనిషి తల తిప్పడు, చెయ్యి మాత్రం వెనక్కి పెడతాడు. వెనకాల నేల నుంచి కప్పు దాకా డబ్బాలు. ఏ డబ్బాలో ఏముందో ఆ చేతికి తెలుసు. ముందు నలుగురు మెకానిక్‌లు ఒక్కో మాట విసురుతున్నారు: "అన్నా, స్విఫ్టు క్లచ్ ప్లేటు." "ఇండికా ఫ్యాన్ బెల్టు." సరుకు చేతిలో పడుతోంది, వెళ్లిపోతున్నారు. మావంతు వచ్చింది. బావగారు గొంతు సవరించుకున్నారు.

"అన్నా, స్పార్క్ ప్లగ్గులు కావాలండీ. కొంచెం క్వాలిటీవి చూపిస్తారా?"

కౌంటరు పెద్దాయన చెయ్యి ఆగింది. మొదటిసారి తల తిప్పాడు. చొక్కా చూశాడు, గోళ్లు చూశాడు. బావగారి గోళ్లు నీటుగా కత్తిరించి ఉన్నాయి.

"ఏ బండి సార్?" అన్నాడు.

ఆ 'సార్'తో మెకానిక్ రేటు గంగలో కలిసింది. బావగారికి ఆ సంగతి తెలియలేదు.

"వాగన్ఆర్. 2010."

"పాతదా, కొత్తదా?"

"చెప్పాగా, 2010."

"2010ల రెండొచ్చినయ్ సార్. ఏప్రిల్‌ల షేప్ మారింది. అంతకుముందుది నాలుగు సిలిండర్లు, తర్వాతది మూడు. హెడ్‌లైట్ల లోపల నీలం రంగుంటదా?"

బావగారు ఆలోచించారు. ఇన్నేళ్ల ఎండకి ఆ హెడ్‌లైట్లు ఏ రంగులోనూ లేవు, పచ్చబడి ఉన్నాయి. "అప్పట్లో కొత్త మోడలే కొన్నాం" అన్నారు.

"శాంపిల్ తెచ్చిన్రా?"

ఈ వ్యాపారం మొత్తంలో ఇంతకన్నా తెలివైన ప్రశ్న లేదని నా అభిప్రాయం. పాత పార్టు చేతిలో ఉంటే మోడలూ వద్దు, ఏడాదీ వద్దు, పక్కన పెట్టి చూస్తే సరిపోతుంది. కానీ శాంపిల్ విప్పితే బండి కదలదు, కదలకపోతే షాపుకి రాలేం. ఆటోలో వచ్చిన బావగారికి ఈ చిక్కు కూడా లేదు. "ప్లగ్గుకి శాంపిలేమిటండీ, ప్లగ్గు ప్లగ్గే కదా" అన్నారు.

వెనకున్న మెకానిక్ ఎవరో చిన్నగా దగ్గాడు.

"మూడా, నాలుగా సార్?"

"మూడు."

"మైకో ఇయ్యాల్నా?"

"వద్దండీ, లోకల్ వద్దు. బాష్ ఉంటే ఇవ్వండి."

పెద్దాయన మాట్లాడకుండా డబ్బా తీసి కౌంటరు మీద పెట్టాడు. దాని మీద బాష్ అనే ఉంది. "మైకో అంటే ఇదే సార్. 2008ల కంపెనీ పేరు మార్చిన్రు. మా నోరు మారలె" అన్నాడు. బావగారు డబ్బా తిప్పి ఎంఆర్‌పీ చదివారు. ఆయనలోని ఆడిటర్ ఇంక ఆగలేకపోయాడు. 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది కదా, ఈ డబ్బా దానికి ముందుదా తరవాతదా, తేడా ఎవరు భరిస్తున్నారు, బిల్లు ఇస్తారా అని వరసగా అడిగారు. జీఎస్టీ బిల్లు అడిగే మెకానిక్‌ని రాణిగంజ్ అదే మొదటిసారి చూసి ఉంటుంది. క్యూలో ఉన్నవాళ్లు పక్కకి జరిగి మరీ చూశారు.

బిల్లు ఇచ్చాడు. పన్ను తేడా తీసేశాడు కూడా. ఆపైన ఒక్క రూపాయి తగ్గలేదు. బిల్లు కింద ముద్ర: ఎలక్ట్రికల్ సామాన్లు వాపసు తీసుకోబడవు.

ఇంటికొచ్చి బానెట్ ఎత్తారు. సెల్లార్లో పిల్లలు చుట్టూ చేరారు, పై అంతస్తు ఆయన మెట్ల మీద కూర్చున్నారు. బావగారు వేలు పెట్టి లెక్కపెట్టారు. మళ్లీ అవతలి వైపు నుంచి లెక్కపెట్టారు. ఎటు నుంచి లెక్కపెట్టినా నాలుగే.

ఆర్‌సీ తీసి చూస్తే రిజిస్ట్రేషన్ 2010 జనవరి, తయారీ 2009 నవంబరు. సంవత్సరాంతంలో బేరమాడి కొని, జనవరిలో రిజిస్ట్రేషన్ చేయిస్తే అమ్మేటప్పుడు ఒక ఏడాది కొత్తదవుతుందని అప్పట్లో ఆ ఐడియా వేసింది ఆయనే. ఇన్నేళ్లుగా అందరికీ 2010 మోడల్ అని చెప్పి చెప్పి, ఆఖరికి తానే నమ్మేశారు.

"మూడు కొత్తవి వేసి, ఒకటి పాతది ఉంచితే?" అని బావగారు గొణిగారు.

"ఏమండీ," అంది అక్క. అంతే అంది.

రాత్రి ఆన్‌లైన్ కార్యక్రమం. ఈసారి ఛాసిస్ నంబరు కొడితే బండికి సరిపడేవే చూపిస్తుందట. పదిహేడు అక్షరాలు, అంకెలు. బావగారు కళ్లజోడు పెట్టి కొట్టారు. 'చెల్లదు' అంది. మళ్లీ కొట్టారు, మళ్లీ చెల్లదు. ఆయన సైటుతో వాదనకి దిగబోతుంటే మేనల్లుడు వచ్చి చూసి, "నాన్నా, నువ్వు ఓ కొడుతున్నావు. ఛాసిస్ నంబర్లో ఓ, ఐ, క్యూ అనే అక్షరాలు వాడరు, సున్నాతోనూ ఒకటితోనూ కలిసిపోతాయని. అది సున్నా" అన్నాడు. సున్నా కొట్టగానే బండి జాతకం మొత్తం వచ్చింది. 1061 సీసీ, నాలుగు సిలిండర్లు, పక్కనే ప్లగ్గుల బొమ్మ. బొమ్మలో నాలుగు ప్లగ్గులు నవ్వుతూ నిలబడి ఉన్నాయి. ధర చూసి బావగారు ఎగిరి గంతేశారు. "చూశావా? నాలుగూ కలిపి రాణిగంజ్‌లో ఒక్కదాని రేటు!" ఆర్డర్ పెట్టేశారు.

పెద్ద అట్టపెట్టె వచ్చింది. అందులో గాలి నింపిన ప్లాస్టిక్ సంచులు, వాటి కింద ఒక చిన్న డబ్బా, అందులో ఒక ప్లగ్గు. బొమ్మకి నాలుగు, ధరకి ఒకటి. కింద చిన్న అక్షరాల్లో 'సంఖ్య: 1' అని ఉందని మేనల్లుడు చూపించాడు. ఎన్ని లక్షల రూపాయల వోచర్లలోనో ఇలాంటి చిన్న అక్షరాలు పట్టుకున్న మనిషి, ఆ అక్షరాల వంక చాలాసేపు చూశారు. తరవాత రాణిగంజ్ డబ్బాలు మూడూ దీని పక్కన పెట్టారు.

"లెక్క సరిపోయింది" అన్నారు.

"రకం సరిపోలేదు నాన్నా."

"సంఖ్య చెప్పాను."

అక్క ఫోన్ తీసింది. సందు చివర చింతచెట్టు కింద షెడ్డున్న మెకానిక్ వచ్చాడు. బావగారు ముందు షరతు పెట్టారు, పార్ట్స్ ఏవైనా తానే తెస్తానని. మెకానిక్ సరే సార్ అన్నాడు. బండి స్టార్ట్ చేయించి, చెవి ఒగ్గి విని, ప్లగ్గులు నాలుగూ విప్పి వరసగా పెట్టాడు. నాలుగూ కాఫీ రంగులో ఉన్నాయి. తన పాఠం తనకే గుర్తొచ్చి బావగారు మౌనంగా ఉండిపోయారు. మెకానిక్ టార్చి వేసి లోపలికి వంగాడు. ప్లగ్గులకి కరెంటు అందించే కాయిల్‌కి వెళ్లే వైరు ఒకచోట నున్నగా కొరికి ఉంది. పక్కన బ్యాటరీ మీద వేరుశనగ తొక్కలు, ఎవరిదో పిల్లల సాక్సు సగం, ఓ పావు బిస్కెట్టు.

"ఎలక సార్. కాపురం పెట్టింది."

పిల్లల్లో ఒకడు "మా సాక్సు!" అని అరిచాడు.

మెకానిక్ తెగిన చోట వైరు కలిపి, జేబులోంచి నల్ల టేపు తీసి చుట్టాడు. పాత ప్లగ్గులు తుడిచి మళ్లీ వేశాడు. స్టార్ట్ చేస్తే బండి కుదురుగా నిలబడింది. బావగారు టేపు ఎక్కడ కొన్నావని అడిగారు. పక్కనున్న కిరాణా కొట్లోనట.

మెకానిక్ చేతులు తుడుచుకుంటుంటే మెట్టు మీద పెట్టిన డబ్బాలు కనిపించాయి. మూడూ విప్పి చూశాడు.

"ఇవి ఆల్టో కె10 ఇంజనుకి పడతయ్ సార్. మా షెడ్డుల ఒక బండి పొద్దటిసంది ఇవి లేకనే ఆగింది. ఇచ్చేయండి, తీసుకుంట."

బావగారి చెయ్యి తెలియకుండానే జేబులోని పెన్ను మీదికి పోయింది. "బిల్లుంది. జీఎస్టీతో సహా. ఎంతకి తీసుకుంటావ్?"

"ఇంకెంతకి సార్," అన్నాడు మెకానిక్, డబ్బాలు సంచిలో వేసుకుంటూ, "మెకానిక్ రేటుకే."