సంతకం పెట్టకముందే వకీలు కావాలి

శుక్రవారం సాయంత్రం ఆరు దాటాక లాయరు గారి ఆఫీసుకు ఒక క్లయింటు వస్తాడు. రాజమండ్రి పక్కన అట్టపెట్టెలు తయారుచేసే చిన్న యూనిట్ ఆయనది. చేతిలో 38 పేజీల అగ్రిమెంటు. ముంబయిలోని ఓ పెద్ద కంపెనీ మెయిల్లో పంపి, సోమవారంకల్లా సంతకం చేసి పంపమంది. "ఏం లేదు సార్, ఒకసారి చూసి బానే ఉందంటే చాలు, ఆర్డరు చేజారితే కష్టం" అంటాడు. లాయరు గారు మొదటి పేజీ చూస్తారు, చివరి పేజీ చూస్తారు, పేర్లు సరిగ్గా పడ్డాయా, సాక్షులకు చోటుందా అని చూస్తారు. మధ్యలో 36 పేజీలు ఇంగ్లిషులో చీమల బారులా ఉంటాయి. "స్టాండర్డ్ ఫార్మాటేనండీ, పెట్టేయండి" అంటారు.

ఈ సీను మేము ఊహించి రాసిందే. కానీ ఏ జిల్లా కోర్టు ఎదురుగా బోర్డు పెట్టుకున్న వకీలు చదివినా ముసిముసిగా నవ్వుకుంటారని మాకు తెలుసు.

ఆ లాయరు గారిని తిట్టడానికి కాదు ఇది రాస్తున్నది. ఆయన పార్టిషన్ దావా నడిపితే ఎదుటివాళ్లకు చెమటలు పడతాయి, క్రాస్ ఎగ్జామినేషన్‌కు నిలబడ్డారంటే పక్క కోర్టు జూనియర్లు కూడా వచ్చి వింటారు, ప్రోనోటు మీద సంతకం ఫోర్జరీనా కాదా అన్నది చూడగానే చెప్పేస్తారు. అయితే ఆయనకు వచ్చిన చదువంతా గొడవ జరిగాక ఏం చేయాలన్నదే. గొడవ రాకుండా కాగితం ఎలా రాయాలో, ఎదుటివాడు రాసిన కాగితంలో మన మెడకు చుట్టుకునే తాడు ఎక్కడుందో ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. లా కాలేజీలో డ్రాఫ్టింగ్, ప్లీడింగ్, కన్వేయన్సింగ్ అని ఒక తప్పనిసరి పేపరు ఉంటుంది. అందులో సేల్ డీడు, గిఫ్ట్ డీడు, తనఖా, వీలునామా రాయించి రికార్డు బుక్కు మీద సంతకం పెట్టించుకుంటారు. సప్లై అగ్రిమెంటు, డిస్ట్రిబ్యూషన్ అగ్రిమెంటు, వాటాల అమ్మకం లాంటివి దాదాపు ఎక్కడా కనపడవు. ఎన్‌రోల్‌మెంట్‌కు (వకీలుగా నమోదుకు) ముందు ఏడాది పాటు సీనియర్ దగ్గర శిక్షణ ఉండాలని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 1995లో రూల్సు తెస్తే, చట్టం ఆ అధికారం ఇవ్వలేదంటూ సుప్రీంకోర్టు 1999లో కొట్టేసింది. ఆ తర్వాత వచ్చిన ఆలిండియా బార్ పరీక్ష నాలుగు ఆప్షన్లలో ఒకటి దిద్దే వ్యవహారం. ఇంకేముంది, మిగతా చదువంతా సీనియర్ గారి కంప్యూటర్లో పాత ఫైలు తెరిచి పేర్లు మార్చడమే. జీఎస్టీ వచ్చింది 2017 జులైలో. వ్యాట్ మాత్రం మన అగ్రిమెంట్లలో ఇంకా ఊపిరి పీలుస్తోంది. 1996లోనే పోయిన 1940 నాటి ఆర్బిట్రేషన్ (కోర్టు బయట తీర్పరితో పేచీ తేల్చుకునే) చట్టం భాగస్వామ్య పత్రాల్లో అప్పుడప్పుడూ దర్శనమిస్తూనే ఉంటుంది.

సరే, ఇప్పుడు ఆ 36 పేజీల్లోకి వెళ్దాం.

పద్నాలుగో పేజీలో డబ్బు సంగతి ఉంటుంది. మా క్వాలిటీ విభాగం సర్టిఫికెట్ ఇచ్చిన 90 రోజులకు చెల్లిస్తాం అని. క్లయింటు సూక్ష్మ లేదా చిన్న పరిశ్రమ అయితే ఈ మాట చెల్లదు. సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల కోసం వచ్చిన 2006 నాటి ఎంఎస్ఎంఈడీ చట్టం ప్రకారం కాగితం మీద ఏం రాసుకున్నా చెల్లింపు 45 రోజులు దాటకూడదు. సరుకు దిగిన 15 రోజుల్లో రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే దిగిన రోజే అంగీకరించినట్టు లెక్క. ఆలస్యమైతే వడ్డీ రిజర్వ్ బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్లు, అదీ నెలనెలా చక్రవడ్డీ. ఇరవై రెండో పేజీలో ఆర్బిట్రేషన్ క్లాజు ఉంటుంది. వివాదం వస్తే కంపెనీ ఎండీ నియమించే ఒకే ఒక్క ఆర్బిట్రేటర్, ముంబయిలో విచారణ. పేచీ ఎవరితోనో తీర్పరిని వాళ్లే పెట్టుకుంటామంటే కుదరదని సుప్రీంకోర్టు 2019లోనే చెప్పింది. పైగా ఒప్పందంలో ఆర్బిట్రేషన్ క్లాజు ఉన్నా సరే చిన్న పరిశ్రమ, బాకీ వివాదాలు తేల్చే ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు వెళ్లొచ్చని 2022 అక్టోబరులో మహాకాళి ఫుడ్స్ కేసులో తేల్చింది. ఆ కౌన్సిల్ సరుకు అమ్మినవాడు ఉన్న రాష్ట్రంలోది. అంటే మన అట్టపెట్టెల ఆసామి ముంబయి రైలెక్కక్కర్లేదు. అయితే ఇదంతా దక్కాలంటే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న పరిశ్రమగా కేంద్రం దగ్గర నమోదు) ఉండాలి, అది సరుకు పంపకముందే చేయించి ఉంటే నిశ్చింత. ఎప్పుడు చేయించారన్నదాని మీదే కోర్టుల్లో యుద్ధాలు జరిగాయి. ఈ ఒక్క ప్రశ్న, "ఉద్యమ్ చేయించారా అండీ?" అన్నది, శుక్రవారం సాయంత్రమే అడిగి ఉంటే ఆ క్లయింటు ఇచ్చే ఫీజుకు పదింతలు గిట్టుబాటు.

ఇక ముప్పై ఒకటో పేజీ. ఇండెమ్నిటీ. ఎవరి వల్ల ఏ నష్టం వచ్చినా, ఎంత వచ్చినా, పరిమితి లేకుండా అమ్మినవాడే భరించాలి అని. దీన్ని ఏ చట్టమూ దానంతటదే కొట్టేయదు. ఇక్కడ లాయరే పెన్ను పట్టుకుని "ఆ ఏడాది జరిగిన సరఫరా విలువ మించకుండా" అని ఆరు మాటలు చేర్చాలి. చేర్చి పంపితే పెద్ద కంపెనీ ఒప్పుకోదు కదా అని చాలామంది అనుకుంటారు. ఆ కంపెనీలో కూర్చున్న లాయరుకు ఇలాంటి సవరణలు వస్తాయని ముందే తెలుసు, కొన్నిటికి ఒప్పుకోవడానికి జాగా ఉంచుకునే మొదటి డ్రాఫ్టు పంపుతాడు. మనవాళ్లు అడగరు. మొహమాటం, ఆర్డరు పోతుందన్న టెన్షన్, అన్నిటికీ మించి ఏం అడగాలో తెలియకపోవడం.

ఇది అట్టపెట్టెలతో ఆగే కథ కాదు. 2023 జులై 20న కేంద్రం బాస్మతి కాని తెల్లబియ్యం ఎగుమతిని ఉన్నపళంగా ఆపేసింది. కాకినాడ రేవు నుంచి బియ్యం పంపేవాళ్లు ఒప్పుకున్న సరుకు పంపలేకపోతే ఎవరు ఎవరికి కట్టాలి? ఒప్పందంలో ఫోర్స్ మెజూర్ క్లాజు (మన చేతిలో లేని ఆపద వస్తే మాట తప్పినట్టు కాదనేది) ఉందా, ఉంటే అందులో భూకంపం, వరద, యుద్ధం పక్కన ప్రభుత్వ నిషేధం అన్న మాట ఉందా అన్న దాని మీదే లక్షలు, కోట్లు ఊగిసలాడతాయి. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచినప్పుడు భీమవరం రొయ్యల వ్యాపారం అంతా ఒక్కసారి ఉలిక్కిపడింది. అప్పటికే ఒప్పుకున్న కంటైనర్ల సంగతేమిటి? ఒప్పందంలో డీడీపీ అని మూడక్షరాలు ఉంటే ఆ సుంకం భారం అమ్మినవాడిది, ఎఫ్ఓబీ అని ఉంటే కొన్నవాడిది. మూడక్షరాలే. సుంకం మారితే ధర మళ్లీ మాట్లాడుకుందాం అని ఒక వాక్యం రాయించి పెట్టుకున్నవాళ్లకు నిద్ర పట్టింది.

చిన్న ఊళ్లలో ఇంకో చిక్కుంది, దాన్ని గురించి బార్ సమావేశాల్లో ఎవరూ మాట్లాడరు. ఇద్దరు భాగస్వాములు, ఒకే వకీలు. "ఇద్దరూ మనవాళ్లే సార్, మీరే రాసేయండి, వేరే లాయరు ఎందుకు, అనవసరపు ఖర్చు" అంటారు. ఆయనా రాసేస్తారు, ఎందుకంటే ఇద్దరి నాన్నల కేసులూ ఆయనే చూశారు. ఒకాయన స్థలం ఇస్తాడు, ఇంకొకాయన డబ్బు పెడతాడు. స్థలం ఫర్మ్ ఆస్తి అయినట్టా, వాడుకోవడానికి ఇచ్చినట్టా అన్నది రాయరు, రాస్తే ఇద్దరిలో ఒకరి మొహం మాడుతుంది కాబట్టి. ఫర్మ్ రిజిస్ట్రేషన్ తర్వాత చూద్దాం అంటారు. 1932 నాటి భాగస్వామ్య చట్టం 69వ సెక్షన్ ప్రకారం రిజిస్టర్ కాని ఫర్మ్ బయటివాళ్ల మీద ఒప్పందం ఆధారంగా దావా వేయలేదన్నది మొదటి బాకీ మునిగాక గుర్తొస్తుంది. ఐదేళ్లకు భాగస్వాములు విడిపోతారు, ఇద్దరూ ఆయన దగ్గరికే వస్తారు. ఒకరికి సలహా ఇచ్చిన వకీలు అదే వ్యవహారంలో ఎదుటివాళ్ల తరఫున నిలబడకూడదన్నది బార్ కౌన్సిల్ రూలు. రూలు మాట అటుంచితే, ఆ రోజు ఆయన ఎవరి మొహం చూడగలరు? శిక్షణ అంటే క్లాజులు నేర్పడం ఒక్కటే కాదు, "నేను మీ ఒక్కరి తరఫునే రాస్తాను, ఆయన్ను వేరే లాయరుకు చూపించుకోమనండి" అని క్లయింటు మొహం మీద చెప్పడం నేర్పాలి. కాంట్రాక్టు చట్టం కంటే కష్టమైన పాఠం ఇదే.

ఒప్పందం చెడ్డాక వెళ్లే కోర్టు కూడా మారిపోయింది. కమర్షియల్ కోర్టుల చట్టం 2015లో వచ్చినప్పుడు కోటి రూపాయల పైమాట వివాదాలకే అన్నారు, 2018లో దాన్ని మూడు లక్షలకు దించారు. మూడు లక్షలంటే మిర్చి యార్డులో ఓ మోస్తరు బాకీ. మామూలు సివిల్ దావాలో జవాబు వేయడం 90 రోజులు దాటినా ఏదో కారణం చెప్పి కోర్టును ఒప్పించుకోవచ్చు. ఇక్కడ 120 రోజులు దాటిందా, జవాబు చెప్పుకునే హక్కే పోతుంది. అత్యవసర ఉత్తర్వు అడగని దావాకు ముందు మధ్యవర్తిత్వానికి వెళ్లి తీరాలి, వెళ్లకుండా వేస్తే ప్లెయింటే (దావా కాగితమే) తిరస్కరిస్తారని 2022 ఆగస్టులో సుప్రీంకోర్టు చెప్పింది. విశాఖ, విజయవాడ కమర్షియల్ కోర్టులకు చుట్టుపక్కల జిల్లాల నుంచి వచ్చే వకీళ్లకు ఇది అలవాటు లేని వేగం.

దీనికి మేమడిగేది సెమినార్లు కాదు. సెమినార్ ఎలా జరుగుతుందో మనకు తెలుసు: శాలువా, జ్యోతి ప్రజ్వలన, ముఖ్య అతిథి గంట ఆలస్యం, భోజనాల తర్వాత సగం కుర్చీలు ఖాళీ. కావలసింది ఒక ఒప్పందం, ఒక టేబుల్, అటు పది మంది, ఇటు పది మంది. పేర్లు కొట్టేసిన అసలు అగ్రిమెంటు ఇచ్చి, సగం మంది కొనేవాడి తరఫున, సగం మంది అమ్మేవాడి తరఫున కూర్చుని రెండు గంటలు బేరమాడాలి. వర్డ్ ఫైల్లో మార్పులు కనపడేలా దిద్ది వెనక్కి పంపడం దగ్గర నుంచి మొదలుపెట్టాలి. (నవ్వకండి, ప్రింటు తీసి పెన్నుతో దిద్ది ఫొటో తీసి వాట్సాప్ చేసే ఆఫీసులు మాకు తెలుసు.) ఒక రోజు ఆడిటరు వచ్చి జీఎస్టీ, టీడీఎస్ ఎక్కడ తగులుతాయో చెప్పాలి, ఇంకో రోజు బ్యాంకు మేనేజరు వచ్చి తాను లోను ఫైల్లో ఏం వెతుకుతాడో చెప్పాలి. చివర్లో ప్రతి ఒక్కరూ ఆ 38 పేజీల సారాంశం క్లయింటుకు అర్థమయ్యే తెలుగులో ఒక్క పేజీలో రాయాలి. రాయలేకపోతే తనకూ అర్థం కానట్టే. ఇంటర్నెట్లో దొరికే ఫార్మాట్లు, ఇప్పుడు ఏఐ రాసిచ్చే డ్రాఫ్టులు ఉన్నాయి కదా అంటారు. ఉన్నాయి. గుంటూరులో మిర్చి కొనే ఇద్దరి మధ్య ఒప్పందానికి అమెరికాలోని డెలావేర్ రాష్ట్ర చట్టం వర్తిస్తుందని రాసిచ్చినా పట్టుకోగలిగిన కన్ను లేకపోతే అవేం చేస్తాయి.

ఎప్పుడు చేతులెత్తేయాలో కూడా నేర్పాలి. విదేశీ పెట్టుబడి, పెద్ద కంపెనీల విలీనం లాంటివి వస్తే "ఇది నా పని కాదు, ఫలానా వాళ్ల దగ్గరికి వెళ్దాం, నేను కూడా కూర్చుంటాను" అనడం చిన్నతనం కాదు.

నేర్పేవాళ్లకు కొదవ లేదు. హైదరాబాద్ గచ్చిబౌలి కంపెనీల్లో, బెంగళూరులో, అమెరికాలో ఒప్పందాలు రాయడమే పనిగా బతికే తెలుగు లాయర్లున్నారు, సొంతూరి బార్ అసోసియేషన్ పిలిస్తే వీడియోలోనైనా వస్తారు. హైదరాబాద్ నల్సార్, విశాఖ దామోదరం సంజీవయ్య లా వర్సిటీలు ఉన్నాయి, కాకపోతే వాటి తలుపులు ప్రాక్టీసులో ఉన్న చిన్న వకీళ్ల వైపు కూడా తెరుచుకోవాలి. డబ్బు? ఎన్‌రోల్‌మెంట్ ఫీజు చట్టంలో ఉన్న 750 రూపాయలు దాటకూడదని 2024 జులైలో సుప్రీంకోర్టు చెప్పాక బార్ కౌన్సిళ్ల ఆదాయానికి గండి పడిందన్నది నిజమే. అయితే దీనికయ్యే ఖర్చు ఎంత, టీ బిస్కెట్లు, జిరాక్సులు. జిల్లా వ్యాపార సంఘాలు సగం భరించాలని మేమంటాం, మునిగేది వాళ్ల సభ్యుల డబ్బే కాబట్టి. కోర్టు ఖర్చులకు లక్షలు పోసే వ్యాపారి డ్రాఫ్టు చదివినందుకు ఐదు వేలు అడిగితే మాత్రం ఎదురు తిరుగుతాడు, ఆ బుద్ధి ఆయనా మార్చుకోవాలి.

విదేశీ లా ఫర్ములు కోర్టు బయటి పనికి రావడానికి బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2023లో తలుపు తీసింది, 2025 మేలో ఆ రూల్సును సవరించింది కూడా. వాళ్లు తణుకు రారు, మహబూబ్‌నగర్ రారు. ఇక్కడి పని ఇక్కడివాళ్లే చేయాలి. వేసవిలో కోర్టులకు సెలవులిచ్చాక బార్ అసోసియేషన్ హాళ్లు ఎలాగూ ఖాళీగా ఉంటాయి, ఫ్యాన్లు పనిచేస్తాయి. ఏ ఊరి బార్ అయినా వచ్చే మే నెలలో ఇరవై మందిని కూర్చోబెట్టి ఒక్క ఒప్పందం మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివిస్తామంటే, ఆ వార్త జిల్లా పేజీలో పైన వేస్తాం.