మేస్త్రీ పనిలో ఉన్నది లెక్కలే కదా
స్కూల్లో తాపీ పని, ప్లంబింగ్ నేర్పితే పిల్లలు చదువుకి దూరమైపోతారని ఆర్టికల్లో రాశారు, నేను అస్సలు ఒప్పుకోనండి. పునాదికి ముగ్గు పోసేటప్పుడు మేస్త్రీలు 3, 4, 5 అడుగులు కొలిచి మూలమట్టం, అంటే మూల సరిగ్గా 90 డిగ్రీలు ఉందో లేదో చూస్తారు, అది టెన్త్‌లో చెప్పే పైథాగరస్ సిద్ధాంతమే, గోడకి సిమెంటు ఇసుక 1:6 కలపడం నిష్పత్తుల పాఠమే. 2020 జాతీయ విద్యా విధానంలో 6 నుంచి 8 తరగతుల పిల్లలు బ్యాగు లేకుండా 10 రోజులు వడ్రంగి, కుమ్మరి లాంటి పనివాళ్ల దగ్గర నేర్చుకోవాలని పెట్టారు, మంచిదే కానీ 10 రోజుల్లో చూడటమే అవుద్ది చెయ్యి తిరగదు. హైదరాబాద్‌లో న్యాక్ అని కన్‌స్ట్రక్షన్ అకాడమీ ఉంది, అలాంటి చోట నేర్పేవాళ్లని వారానికో రోజు గవర్నమెంట్ హైస్కూళ్లకి పంపొచ్చు కదా. ఇంకోటి, ఆడపిల్లలంటే కుట్టు, బ్యుటీషియన్ కోర్సులే అనకుండా వాళ్లకీ వైరింగ్ నేర్పండి దయచేసి.