లేని ఆయిల్‌ను మార్చే విద్య

మా ఇంటి చిన్న పెట్రోలు కారుకు మొన్ననే ఆరేళ్లు నిండాయి. తిరిగింది 34 వేల కిలోమీటర్లు. అందులో సగం సుబేదారి నుంచి కాజీపేట స్టేషన్‌కు చుట్టాలను దింపడం, మళ్లీ ఎక్కించుకొని రావడం. మిగతాది పెళ్లిళ్లు, హైదరాబాదు, రెండేళ్లకోసారి మేడారం. ఇన్నాళ్లూ దీన్ని నేను కారనే అనుకున్నాను. హన్మకొండలో ఒక సర్వీస్ సెంటరుకు తీసుకెళ్లాక గానీ అసలు సంగతి తెలిసిరాలేదు. అది నాలుగు చక్రాల మీద నిలబెట్టిన కల్లు మండువ. అందులో ఏ కుండ ఏ పూటకు పులుస్తుందో చెప్పగలిగినవాడు ఈ భూమ్మీద సర్వీస్ అడ్వైజర్ ఒక్కడే.

మా అడ్వైజర్ది పరకాల దిక్కు. ఇస్త్రీ చొక్కా, మెడలో కార్డు, చేతిలో ట్యాబ్. బానెట్ ఎత్తి అర నిమిషం ఏమీ మాట్లాడలేదు. ఆ మౌనానికి లేబర్ చార్జీ వేయకపోవడం ఆయన పెద్దమనసు. తర్వాత నిట్టూర్చి, "ఇంతకుముందు ఏడ చేపిచ్చిండ్రు సార్?" అన్నాడు.

"ఈడనే తమ్మీ. పోయినేడు."

మళ్లీ అర నిమిషం మౌనం.

నేను పోయింది ఇంజిన్ ఆయిలూ, ఆయిల్ ఫిల్టరూ మార్పించుకుందామని. ఆ రెండిటి మీద నాకేం పేచీ లేదు. పది వేల కిలోమీటర్లకో ఏడాదికో, ఏది ముందొస్తే దానికి మార్చాలని కారుతో ఇచ్చిన పుస్తకమే చెబుతుంది. ఫోన్లో చెప్పిన లెక్క 4,900 రూపాయలు. ట్యాబ్ మీద వేలు నాలుగుసార్లు పైకి జరిగేసరికి అది 17,650 అయింది. ఇంజిన్ ఫ్లష్ అనే లోపలి కడుగుడు, ఇంజిన్‌ను చల్లబరిచే కూలెంట్, బ్రేక్ ఆయిల్, గేరాయిల్, పవర్ స్టీరింగ్ ఆయిల్, ఏసీ గ్యాస్, ఇంజెక్టర్ క్లీనింగ్, టైర్లలో నైట్రోజన్. నైట్రోజన్ గురించి ఎక్కువ చెప్పను. భద్రకాళి చెరువు కట్ట మీద ఊరికే దొరికే గాలిలోనే అది నూటికి 78 పాళ్లుంది.

ముందు బ్రేక్ ఆయిల్. డబ్బా మూత తీసి ఒక చుక్కను తెల్ల టిష్యూ మీద వేశాడు. పక్కనే కొత్త డబ్బాలోంచి ఇంకో చుక్క. పెండ్లి సంబంధానికి ఇద్దరు పిల్లల్ని పక్కపక్కన నిలబెట్టినట్టు టిష్యూను నా ముఖం ముందు పెట్టి, "చూడుండ్రి సార్, ఎట్ల నల్లగైందో" అన్నాడు. నలుపును బట్టి తీర్పు చెప్పేది మన పెండ్లిండ్ల పేరయ్యలే అనుకున్నాను, బ్రేక్ ఆయిలుకూ అదే న్యాయమట. నిజానికి బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీలుస్తుంది. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. నీళ్లు చేరినకొద్దీ ఆ అంకె 155 దాకా దిగొచ్చు. అప్పుడు ఘాట్ రోడ్డు దిగేటప్పుడు బ్రేకుల వేడికి అది మరిగి, బ్రేకు కాలికింద మెత్తబడిపోతుంది. కాబట్టి దాన్ని మార్చాల్సిందే. నేను కాదనను. ఎప్పుడు మార్చాలో పుస్తకంలో ఉంది, రెండేళ్లకోసారి.

"పోయినేడే మార్చిండ్రు గద, ఇగో బిల్లు. ఇది మేడారం జాతర లెక్క తమ్మీ. 2024ల అయింది, మళ్లీ 2026ల అయింది. నడుమ 2025ల ఎవడన్న జాతర పెడ్తడా?"

పిల్లగాడు తడుముకోలేదు. "మినీ జాతర అయింది గద సార్."

ఈ దెబ్బకు నా దగ్గర జవాబు లేకపోయింది. ఇప్పటికీ లేదు. తేమ కొలిచే పెన్ను తెమ్మని అడిగాను. అదొక చిన్న పుల్ల, ముంచితే పచ్చ లైటో ఎర్ర లైటో వెలుగుతుంది. "బ్యాటరీ అయిపోయింది సార్" అన్నాడు. కారులో ఉన్నవన్నీ మార్చే చోట ఆ ఒక్క బ్యాటరీని మార్చే నాథుడు లేడు.

ఇక కూలెంట్. ఆరేళ్లంటే ముసలిదైపోయిందన్నాడు. నాకు పాకాల చెరువు గుర్తొచ్చింది. గణపతిదేవుడు 1213 ప్రాంతంలో తవ్వించిన చెరువు, నర్సంపేట అవతల నేటికీ పొలాలకు నీళ్లిస్తోంది. చెరువుల్లో పూడిక తీయాలని మనవాళ్లు ఎన్నోసార్లు అన్నారు, మిషన్ కాకతీయ పేరుతో 2015లో ఆ పని మొదలుపెట్టారు కూడా. కానీ నీళ్లు పాతబడ్డాయి, మొత్తం పారబోసి లీటరుకింతని కొత్తవి పోద్దామన్న ఆలోచన ఎనిమిది వందల ఏళ్లలో ఒక్క ఇంజనీరుకూ రాలేదంటే అది కాకతీయుల పాలనలోని లోపమే. వారి కొలువులో సర్వీస్ అడ్వైజర్ లేడు. ఇప్పటికైనా సాగునీటి శాఖలో ఒక పోస్టు మంజూరు చేస్తే మంచిది.

అన్నిటికన్నా లోతైనది పవర్ స్టీరింగ్ ఆయిల్. మా కారుది ఎలక్ట్రిక్ స్టీరింగ్. చక్రం తిప్పడానికి సాయపడేది ఒక చిన్న మోటారు. అందులో ఆయిల్ లేదు, పంపు లేదు, ఆయిల్ పోయడానికి డబ్బా కూడా లేదు. లేని ఆయిల్‌ను తీసి, లేని డబ్బాలో లేని ఆయిల్ పోయడానికి 1,150 రూపాయలు, పైన జీఎస్టీ. వేదాంతం చదివినవాళ్లు ఏళ్ల తరబడి కొట్టుకున్న విషయాన్ని ఇంత చవకగా తేల్చినవారు ఇంకెవరున్నారు?

"ఆ డబ్బా ఏడుందో జర చూపియ్యి తమ్మీ" అన్నాను.

ఫోన్ టార్చి వేసి బానెట్ కింద వెతికాడు. బ్యాటరీ వెనక, ఫిల్టరు పక్కన, ఇంకా కింద. చివరికి ఒక మూత తీసి లోపలికి వెలుగు కొట్టాడు. అది అద్దం కడిగే నీళ్ల డబ్బా. మే నెల వాగులా ఎండి ఉంది. మూత పెట్టేసి, "ఇది గాదు సార్" అన్నాడు.

నేను గ్లవ్ బాక్సు తెరిచి పుస్తకం తీశాను. టోల్ రశీదుల కింద ఆరేళ్లుగా పడి ఉన్న పుస్తకం. మేడారం నుంచి తెచ్చిన బంగారం ముక్క, అంటే బెల్లమే, కరిగి అంటుకోవడంతో నడుమ కొన్ని పేజీలు విడిపోలేదు. అదృష్టం, అవి రేడియో పేజీలు. సర్వీసు పట్టిక ఉన్న పేజీ మాత్రం కొత్త పెండ్లికూతురిలా నలగకుండా ఉంది, ఎవరూ ముట్టుకున్న పాపాన పోలేదు గనక. ఆ పట్టికలో రెండే అక్షరాలు. ఐ అంటే చూడండి, ఆర్ అంటే మార్చండి. గేరాయిల్ గడిలో ఈ ఏడాదికి ఐ. మొదటి కూలెంటుకు ఆర్ వచ్చేది 1,60,000 కిలోమీటర్లకు, లేదా ఎనిమిదేళ్లకు. ఇంజిన్ ఫ్లష్‌కు అసలు గడే లేదు. ఆ సర్వీస్ సెంటరులో అక్షరాభ్యాసం ఆర్‌తో మొదలై ఆర్‌తోనే ముగుస్తుందని అప్పుడు అర్థమైంది.

అడ్వైజర్ పేజీ చివర్న వేలు పెట్టాడు. అక్కడ చిన్న అక్షరాల్లో ఒక వాక్యం ఉంది, తీవ్ర పరిస్థితుల్లో నడిపే బండ్లకు ఇంకా త్వరగా చేయాలని. "మన దిక్కంత సివియరే సార్. ఎండ, దుమ్ము, గ్రానైటు లారీలు." ఇందులో న్యాయం లేకపోలేదు. ఎండాకాలంలో రామగుండం పోయొచ్చినవాడెవడూ కాదనలేడు. కానీ కారు ఎండలో కన్నా మా అపార్టుమెంటు సెల్లారులో ఎక్కువ గడిపింది. అక్కడున్న తీవ్ర పరిస్థితి ఒక్క పిల్లి.

ఏసీ గ్యాస్ మాటా అక్కడే తేలింది. అది మూసిన గొట్టాల్లో తిరిగేది, తాగితే అయిపోయేది కాదు. తగ్గిందంటే ఎక్కడో కారుతున్నట్టు, ముందు ఆ చోటు పట్టాలి. మాకు చల్లగానే వస్తోంది. "మరి గ్యాస్ ఎందుకు?" అంటే పిల్లగాడు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"ఈ నెల నాకు ఇంక అయిదు కూలెంట్లు, మూడు ఏసీలు ఉన్నయ్ సార్. టార్గెట్. నాకు మాత్రం తెల్వదా?"

నేనిక ఏమీ అనలేకపోయాను. ఆయనకు నెల చివరి వారం గండం, నాకు మొదటి వారం గండం. ఇద్దరి జీతాలూ ఒకే బానెట్ కింద ఇరుక్కున్నాయి. ఇంజిన్ ఆయిలూ ఫిల్టరూ చాలన్నాను. పవర్ స్టీరింగ్ ఆయిల్‌ను ఆయనే తనంతట తాను కొట్టేశాడు, అదీ కొంచెం బాధపడుతూనే. సాయంత్రం బిల్లు 5,040 వచ్చింది. అందులో ఒక వరుస, "వాషర్ ఫ్లూయిడ్ టాపప్, 60 రూపాయలు." పోనీలే, పొద్దున ఎండిపోయి కనబడ్డ డబ్బా నింపారన్నమాట అనుకొని సంతకం పెట్టాను. గేటు దాకా వచ్చి, "రేపు కంపెనీ నుంచి ఫోనొస్తది సార్. పదికి పది చెప్పుండ్రి. తొమ్మిది చెప్తే మాకు సున్న లెక్కనే" అన్నాడు.

మర్నాడు కాజీపేట బ్రిడ్జి మీద ముందున్న లారీ అద్దం నిండా దుమ్ము కొట్టింది. మీట లాగాను. లోపల మోటారు గుర్రుమంది, చుక్క నీరు రాలేదు. ఇంటికొచ్చి నల్లా కింద బిందె పెట్టి, బానెట్ ఎత్తి చెంబుతో ఆ డబ్బాలో నీళ్లు పోస్తుండగా ఫోన్ మోగింది. మీ వాహనంలోని ద్రవాలన్నీ తనిఖీ చేసి నింపారా సార్, పదికి ఎన్ని మార్కులు ఇస్తారు అని ఒక అమ్మాయి అడిగింది. చెంబు కింద పెట్టి, "పది" అన్నాను.