ట్రక్కులో వచ్చిన చేపా, వాగులో పుట్టిన చేపా?

ఏప్రిల్‌లో ట్రౌట్ అనే చల్లనీటి చేపల వేట సీజన్ మొదలైతే చాలు, న్యూజెర్సీలో మన వాట్సాప్ గ్రూపుల నిండా పిల్లలు గాలం పట్టుకున్న ఫొటోలే. గాలానికి తళతళలాడే రెయిన్‌బో ట్రౌట్. సంతోషమే. కానీ అది ఆ వాగు చేప కాదు. హ్యాచరీలో, అంటే చేపల పెంపక కేంద్రంలో, మేత వేసి పెంచి, ట్రక్కులో తెచ్చి వదిలినది. రెయిన్‌బో సొంత ఊరు పసిఫిక్ వైపు. మరో రకం, బ్రౌన్ ట్రౌట్, దాని గుడ్లు 1883లో జర్మనీ నుంచి వచ్చాయి. న్యూజెర్సీ వాగుల్లో తరతరాలుగా ఉన్న ట్రౌట్ ఒక్కటే, బ్రూక్ ట్రౌట్. రాష్ట్ర చేప అని హోదా అయితే ఇచ్చారు గానీ, దానికి నిలవ నీడ తగ్గిపోతోంది.

చిన్న వాగుల్లో ఇది జానెడు పెరిగితే గొప్ప. వీపు మీద మెలికల ముగ్గు, పక్కల ఎర్ర చుక్కలు, చుక్క చుట్టూ నీలి వలయం, కింది రెక్కల అంచున తెల్లటి గీత. నీళ్లు 20 డిగ్రీల సెల్సియస్ దాటితే దీనికి కష్టకాలమే. నీరు వేడెక్కేకొద్దీ అందులో ఆక్సిజన్ తగ్గుతుంది. శరదృతువులో గులకరాళ్ల మధ్య గుడ్లు పెడుతుంది. పైన బురద పేరుకుంటే గుడ్లకు ఊపిరాడదు.

వాగును వేడెక్కించేది ఎవరంటే, మనం కూడా. జూలైలో మధ్యాహ్నం వాన పడితే తారు డ్రైవ్‌వేల మీద కాగిన నీళ్లు పైపుల్లోంచి నేరుగా వాగులో పడతాయి. లాన్ అందంగా ఉండాలని గట్టు దాకా గడ్డి కోసేస్తాం, నీడ పోతుంది. వాగులకు నీడనిచ్చే హెమ్లాక్ చెట్లను ఆసియా నుంచి వచ్చిన ఓ పురుగు రసం పీల్చి చంపేయడం దీనికి తోడు.

హ్యాచరీ చేపలు వద్దని నేననను. సరదాకి అవీ కావాలి, లైసెన్స్ డబ్బులూ రావాలి. వాటిని చెరువుల్లో, పెద్ద నదుల్లో వదలండి. బ్రూక్ ట్రౌట్ బతుకుతున్న చిన్న వాగుల్లోకి మాత్రం తేవద్దు, తిండికీ చోటుకీ దానితో పోటీ పడతాయి. లాంగ్ వీకెండ్ రాగానే మనవాళ్లు పరుగెత్తే టెనెసీ, నార్త్ కరోలినా సరిహద్దులోని స్మోకీ మౌంటెన్స్ నేషనల్ పార్కులో 1970ల్లో బ్రూక్ ట్రౌట్ వేటనే ఆపేశారు. కొన్ని వాగుల్లో రెయిన్‌బోలను పూర్తిగా తొలగించి బ్రూక్ ట్రౌట్‌ను మళ్లీ వదిలారు. 2006లో వేటకు మళ్లీ తలుపులు తెరిచారు. ఓపిక పడితే ఫలితం ఉంటుంది. మన వాయవ్య న్యూజెర్సీ వాగుల్లోనూ బ్రూక్ ట్రౌట్ పడితే వెంటనే వదిలేయాలనే నిబంధన ఉంది. వదిలేటప్పుడు చేయి తడుపుకోండి, పొడి చేత్తో పడితే ఒంటి మీది జిగురు ఊడిపోతుంది.

అసోసియేషన్ పెద్దలకు ఒక్క మాట. ఈసారి పిక్నిక్ టీషర్టుల ఖర్చు మానేసి, ఆ డబ్బుతో మొక్కలు కొందాం. గట్ల మీద చెట్లు నాటే పని 1959లో పుట్టిన ట్రౌట్ సంరక్షణ సంస్థ ట్రౌట్ అన్‌లిమిటెడ్ వాళ్లకు కొత్త కాదు. ఎక్కడ ఏ మొక్క నాటాలో వాళ్లనే అడుగుదాం. పలుగూ పారా మనం పట్టుకెళ్దాం, పులిహోర ఎలాగూ ఉంటుంది.